పాత మిలటరీ విమానంలో ఒక వారాంతం: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా అక్టోబర్ 8న వాయుసేన దినోత్సవం వీడియోల్లో డకోటా అనే పాత రవాణా విమానం కనిపించినా, యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన సందడి మొదలైనా మా దగ్గరికి అవే సందేహాలు వస్తుంటాయి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, ఒక్కసారైనా పాత మిలటరీ విమానంలో ఎగరాలని ఆశపడేవాళ్ల కోసం వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న దగ్గరే పూర్తవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అనుకునే ముందు

బెంగళూరులోనే శని, ఆదివారాల్లో పాత యుద్ధ విమానం ఎక్కే వీలుందా?

లేదు. మన దేశంలో టికెట్టు తీసుకుని పాత మిలటరీ విమానంలో ఎగిరే వీలు మామూలు జనానికి లేదు. బెంగళూరులో దొరికేది జక్కూరు ఏరోడ్రోమ్ నుంచి చిన్న రెండు సీట్ల విమానంలో కాసేపు తిరిగి రావడం. టైగర్ మాత్, హార్వర్డ్ లాంటి అసలైన పాత శిక్షణ విమానం కావాలంటే బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికా లాంటి చోట్లకు వెళ్లాలి. అందుకే మనవాళ్లలో ఎక్కువమంది ఆఫీసు పని మీద లండన్, సిడ్నీ వెళ్లినప్పుడు ఒక వారాంతం దీనికి కేటాయిస్తారు. బెంగళూరు నుంచి ఆ రెండు నగరాలకూ నేరుగా విమానాలున్నాయి. ఆన్‌లైన్‌లో ఎవరైనా "బెంగళూరులో ఫైటర్ జెట్ రైడ్" అని అమ్ముతుంటే అది దాదాపుగా నేల మీదే ఎగిరినట్టు అనిపించే సిమ్యులేటరే అయి ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఆ మాట సూటిగా అడగండి.

వాయుసేన దగ్గరున్న డకోటా, హార్వర్డ్ ఎక్కనివ్వరా?

ఎక్కనివ్వరు. అవి వాయుసేన వింటేజ్ విమానాలు, ప్రదర్శనలకే ఎగురుతాయి. కానీ చూసే అవకాశం వస్తే వదులుకోకండి. 'పరశురామ' అని పేరు పెట్టిన డకోటాను బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో ఇక్కడికి తెచ్చారు. దాని మీద ఉన్న వీపీ 905 అనే నంబరు, 1947 అక్టోబర్ 27న సిక్కు రెజిమెంట్ సైనికులతో శ్రీనగర్‌లో దిగిన డకోటాది. 2024 అక్టోబర్ 6న చెన్నై మెరీనా మీద డకోటా, హార్వర్డ్ రెండూ ఎగిరాయి. ఇలాంటి ప్రదర్శనకు వెళితే మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, గొడుగు తప్పనిసరి. ఆ రోజు మెరీనాలో ఎండకు, రద్దీకి ప్రాణాలే పోయాయి.

జక్కూరు చిన్న విమానం దానికి సాటి వస్తుందా?

సాటి రాదు, కానీ సాధనకు చాలా మంచిది. చిన్న విమానం గాలికి ఎలా ఊగుతుందో, ఇంటర్‌కమ్‌లో ఎలా మాట్లాడాలో, మీ కడుపు ఎంతవరకు ఓర్చుకుంటుందో కొన్ని వేల రూపాయల ఖర్చుతోనే తెలిసిపోతుంది. విదేశంలో లక్షలు పెట్టి ఎక్కాక తెలుసుకోవడం కంటే ఇది మేలు. ఉదయం మొదటి స్లాటే తీసుకోండి. జక్కూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. ఎండ ముదిరితే నేల వేడికి గాలి పైకి లేచి విమానాన్ని కుదిపేస్తుంది, పలచబడిన గాలిలో ఇంజన్ బలమూ తగ్గుతుంది. పక్కనే యలహంక వైమానిక స్థావరం, పైన కెంపేగౌడ విమానాశ్రయం ఉన్నందువల్ల అనుమతి కోసం నేల మీద ఆగాల్సి రావచ్చు. రెండేళ్లకోసారి వచ్చే ఏరో ఇండియా రోజుల్లో జక్కూరు ఎగురుళ్లను నమ్ముకుని సెలవు పెట్టకండి. ఎక్కించే సంస్థకు డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి ఉందో లేదో అడగడం మీ హక్కు.

విదేశాల్లో ఇది చట్టబద్ధమేనా?

చట్టబద్ధమే, కానీ మామూలు ఎయిర్‌లైన్ టికెట్టు లాంటిది కాదు. పాత మిలటరీ విమానాలను ప్రయాణికుల విమానాల ప్రమాణాలకు తయారు చేయలేదు. ఆ సంగతి మీకు ముందే చెప్పి, మీరు ఒప్పుకున్నాకే ఎక్కించుకోవాలన్నది నియమం. బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం లాంటివి 'సేఫ్టీ స్టాండర్డ్స్ అక్నాలెడ్జ్‌మెంట్ అండ్ కన్సెంట్' అనే పద్ధతిలో నడుస్తాయి. న్యూజిలాండ్‌లో అడ్వెంచర్ ఏవియేషన్ నిబంధనలైన పార్ట్ 115, ఆస్ట్రేలియాలో లిమిటెడ్ కేటగిరీ, అమెరికాలో 'లివింగ్ హిస్టరీ ఫ్లైట్ ఎక్స్‌పీరియన్స్' మినహాయింపు ఉన్నాయి. మీరు వెళ్లే సంస్థ దేని కింద నడుస్తోందో ఈమెయిల్లో అడగండి. మంచి సంస్థ ఒక్క వాక్యంలో జవాబిస్తుంది. అనుమతి లేని చోట "ఖర్చులు పంచుకుందాం" అంటారు. అక్కడికి వెళ్లొద్దు.

ఇంత పాత విమానం, ప్రాణానికి భరోసా ఏమిటి?

ఎయిర్‌లైన్ విమానమంత భరోసా లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి. విమానం వయసు ఒక్కటే ప్రమాదం తేదు. నిర్వహణ సడలినా, పైలట్ క్రమశిక్షణ సడలినా తెస్తుంది. 2019 అక్టోబర్ 2న అమెరికాలో కనెటికట్‌లోని బ్రాడ్లీ విమానాశ్రయంలో జనాన్ని ఎక్కించుకున్న బీ-17 బాంబర్ కూలి ఏడుగురు చనిపోయారు. దర్యాప్తులో ఇంజన్ల నిర్వహణ లోపాలు బయటపడ్డాయి, ఆ సంస్థ అనుమతి రద్దయింది. 2018 ఆగస్టు 4న స్విట్జర్లాండ్ కొండల్లో జంకర్స్ జేయూ-52 కూలి ఇరవైమంది పోయారు. అక్కడ తేలింది పైలట్లు తీసుకున్న అనవసరపు సాహసం. కాబట్టి విమానం అందం చూసి కాదు, దాన్ని చూసుకునే మనుషుల తీరు చూసి సంస్థను ఎంచుకోండి.

## ఏ విమానం ఎంచుకోవాలి

మొదటిసారి ఎక్కేవాళ్లకు ఏది మంచిది?

హార్వర్డ్ గానీ టైగర్ మాత్ గానీ. మా మాట ఇదే: వేగం కోసం వెతక్కండి. జెట్‌లో అరగంట మీ ఒంటి మీద పడే బరువుతో పోరాడటానికే సరిపోతుంది, కింద ఏ ఊరు దాటిందో కూడా గుర్తుండదు. నెమ్మదైన పాత విమానంలో ఇంజన్ వాసన, తీగల ఊళ, రెక్క వంగినప్పుడు విమానాన్ని తిప్పే స్టిక్ బరువు మారడం అన్నీ మనసుకు పడతాయి.

టైగర్ మాత్‌లో ఏముంది అంత గొప్ప?

పైకప్పు లేదు, అదే గొప్ప. 1931లో మొదట ఎగిరిన ఈ రెండంచెల రెక్కల విమానంలోనే రెండో ప్రపంచ యుద్ధ కాలపు వేలమంది పైలట్లు ఎగరడం నేర్చుకున్నారు. ఒంటికి గుడ్డ, ముందు 130 హార్స్‌పవర్ ఇంజన్, గంటకు నూట ముప్పై కిలోమీటర్ల దరిదాపుల్లో ప్రయాణం. మిమ్మల్ని ముందు సీట్లో కూర్చోబెడతారు, పైలట్ వెనక ఉంటాడు. చాలా టైగర్ మాత్‌లకు బ్రేకులుండవు, తోకకు చక్రం బదులు ఇనుప చెప్పు ఉంటుంది. అందుకే పచ్చిక రన్‌వేల మీద నడుపుతారు, కదిలేటప్పుడు రెక్క చివర పట్టుకుని ఒకరు నడుస్తారు. పెద్ద గాలి వేస్తే, వాన పడితే ఎగరదు. చెక్క ప్రొపెల్లర్ అంచులను వానచినుకులు కొరికేస్తాయి.

హార్వర్డ్, యాక్-52, నాంచాంగ్: వీటిలో తేడా ఏమిటి?

మూడూ శిక్షణ విమానాలే, మూడింటికీ ముందు తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా పేర్చిన రేడియల్ ఇంజన్ ఉంటుంది. హార్వర్డ్ అమెరికాది. 600 హార్స్‌పవర్, బరువైన ఒళ్లు, తోక చక్రం. టేకాఫ్‌లో ప్రొపెల్లర్ కొసలు ధ్వని వేగానికి చేరువవడంతో చెవులు చిల్లులు పడే గర్జన వస్తుంది. మన వాయుసేనలో ఎన్నో ఏళ్లు పైలట్లను తయారు చేసింది కూడా ఇదే. యాక్-52 సోవియట్ విమానం. 360 హార్స్‌పవర్, పల్టీల కోసమే పుట్టింది. ఇంజన్ స్టార్ట్ చేయడానికి, చక్రాలకు, బ్రేకులకు అన్నింటికీ సిలిండర్‌లోని గాలే ఆధారం, అందుకే నేల మీద నడుస్తున్నంతసేపూ లారీ బ్రేకుల్లా బుస్సుమంటుంది. నాంచాంగ్ సీజే-6 చైనాది, 285 హార్స్‌పవర్, యాక్ కంటే కాస్త నెమ్మది. ఆస్ట్రేలియాలో యాక్, నాంచాంగ్ హార్వర్డ్ కంటే తక్కువ ఖర్చుకు దొరుకుతాయి. పల్టీలు కావాలంటే యాక్, పాత విమానం అనుభూతి కావాలంటే హార్వర్డ్.

ఎల్-39 జెట్‌లో ఎజెక్షన్ సీటు ఉంటుందట, నిజమేనా?

ఉంటుంది (ప్రమాదంలో మనిషిని సీటుతో సహా బయటికి విసిరేది ఇదే), కానీ జాయ్‌రైడ్ విమానాల్లో చాలాచోట్ల దాని పేలుడు గుళికలు తీసేసి ఉంచుతారు. మీరు ఎక్కేది పనిచేసే సీటా, కాదా అన్నది మొదటి ప్రశ్నగా అడగండి. పనిచేసేదైతే ఎర్ర గుడ్డ తగిలించిన సేఫ్టీ పిన్నులు ఎక్కడున్నాయో, వాటిని ఎవరు తీస్తారో, ఎవరు మళ్లీ పెడతారో చూపించమనండి. పిన్ను తీసి ఉన్నప్పుడు ఎర్రగానో, పసుపు నల్ల చారలతోనో కనిపించే ఏ పిడినీ తాకకూడదు. 1968లో మొదట ఎగిరిన ఈ చెక్ జెట్ గంటకు 750 కిలోమీటర్ల వరకు పోగలదు.

స్పిట్‌ఫైర్‌కి అంత డబ్బెందుకు?

మూడు కారణాలు: ఇంధనం, విడిభాగాలు, రెండు సీట్ల స్పిట్‌ఫైర్ల కొరత. టైగర్ మాత్ గంటకు 30 లీటర్లు, హార్వర్డ్ నూరు లీటర్ల పైన, 27 లీటర్ల మెర్లిన్ ఇంజనున్న స్పిట్‌ఫైర్ మెల్లగా నడిపినా 180 దాకా, ఎల్-39 ఐదొందలు దాటి తాగుతాయి. పైగా ఆ మెర్లిన్‌ను పూర్తిగా విప్పి బాగుచేయాలంటే ఆ పని తెలిసిన వర్క్‌షాపులు ప్రపంచంలో కొన్నే. ఇంగ్లండ్‌లో అరగంట స్పిట్‌ఫైర్ మూడు లక్షల రూపాయల పైమాటే. అంత పెట్టలేకపోతే చిన్నబుచ్చుకోకండి. డక్స్‌ఫర్డ్, గుడ్‌వుడ్, బిగిన్ హిల్ మూడూ యుద్ధకాలపు వైమానిక స్థావరాలే. వాటి రన్‌వే పక్కన నిలబడి స్పిట్‌ఫైర్ లేవడం చూడటానికి పెద్ద ఖర్చు కాదు.

అమ్మానాన్నలను ఎక్కించొచ్చా?

మోకాళ్లు వంగి, ఒక కాలు ఎత్తి రెక్క మీద వేయగలిగితే ఎక్కించొచ్చు. కష్టమైతే క్యాబిన్ ఉన్న విమానం చూడండి. ఎనిమిదిమంది కూర్చునే డ్రాగన్ రాపిడ్‌కు తలుపు, కిటికీలు, మామూలు సీట్లు ఉంటాయి. యుద్ధకాలంలో దీన్నే డొమినీ అనేవారు. డక్స్‌ఫర్డ్‌లో ఎక్కొచ్చు. పిల్లల విషయంలో వయసు కంటే ఎత్తు ముఖ్యం: బెల్టు సరిగ్గా పడాలి, కళ్లు అద్దం అంచు పైకి రావాలి.

## బుకింగ్, కాగితాలు

ఎన్ని రోజులు చేతిలో ఉంచుకోవాలి?

కనీసం రెండు పగళ్లు. శనివారం ఉదయానికి బుక్ చేసి ఆదివారం ఖాళీగా ఉంచండి. మేఘాలు కిందికి దిగినా, అడ్డగాలి ఎక్కువైనా ఫ్లైట్ రద్దవుతుంది. అందులో పైలట్‌ను బతిమాలడానికి ఏమీ లేదు. దిగిన రోజే ఎక్కకండి. బెంగళూరు నుంచి లండన్, సిడ్నీ ఎటు వెళ్లినా కాలంలో నాలుగున్నర, ఐదున్నర గంటల తేడా. నిద్రలేమి, ఒంట్లో నీరు తగ్గడం రెండూ వికారాన్ని పెంచి, కళ్లు చీకట్లు కమ్మే హద్దును ముందుకు జరుపుతాయి. ఒక పూర్తి రాత్రి నిద్రపోయాకే ఎగరండి. ఇంగ్లండ్‌లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు సీజన్.

బరువు అన్నిసార్లు ఎందుకు అడుగుతారు?

చిన్న విమానంలో మీరే పెద్ద సామాను కాబట్టి. మీ బరువును బట్టి ఎంత పెట్రోలు పోయాలో, బరువు మధ్యబిందువు ఎక్కడ పడుతుందో లెక్క కడతారు. అది హద్దు దాటి వెనక్కి జరిగితే విమానం స్థిరత్వం పోతుంది. ఐదు కిలోలు తగ్గించి చెప్పడం మనవాళ్లలో మామూలైపోయింది. దయచేసి వద్దు. బూట్లు, జాకెట్‌తో సహా తూచి చెప్పండి. చాలాచోట్ల వచ్చాక మళ్లీ తూస్తారు, తేడా వస్తే వెనక్కి పంపుతారు, డబ్బూ రాదు.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోతుందా?

చాలావరకు సరిపోదు. పాలసీలో "షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్‌లో టికెట్టున్న ప్రయాణికుడిగా తప్ప" అనే అర్థం వచ్చే మాట మినహాయింపుల్లో ఉందేమో చదవండి. ఉంటే ఈ ఫ్లైట్‌కు కవర్ లేనట్టే. సాహస క్రీడల యాడ్-ఆన్ తీసుకున్నా పాత మిలటరీ విమానం, పల్టీలు అనే మాటలు రాసి, జవాబు ఈమెయిల్లోనే తెప్పించుకోండి. కాల్ సెంటర్‌లో "అయిపోతుంది సార్" అన్న మాట క్లెయిమ్ నాడు నిలబడదు. ఇక్కడి జీవిత బీమాకు జోడించిన ప్రమాద రైడర్‌లో కూడా ఇలాంటి షరతే ఉందేమో చూడండి.

డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి?

పైలట్‌కు ఈ రకం విమానంలోనే ఎన్ని గంటల అనుభవం ఉంది? ఏటా చేసే తనిఖీ ఎప్పుడైంది? వాతావరణం వల్ల రద్దయితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా? చెప్పిన ముప్పై నిమిషాలు ఇంజన్ ఆన్ నుంచా, చక్రాలు లేచిన దగ్గర నుంచా? ఈ చివరిది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, నేల మీద నడిచే పది నిమిషాలు అందులోంచే పోవచ్చు. ఇంకొకటి: పల్టీలు వద్దంటే వేయరు కదా? వద్దన్నవాళ్లకు తప్పకుండా మానేసే సంస్థే మంచిది.

## ముందురోజు, ఆ ఉదయం

ఖాళీ కడుపుతో వెళితే మంచిదా?

కాదు. ఖాళీ కడుపుకే ముందు తిప్పుతుంది. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, బ్రెడ్డు, అరటిపండో తినండి. పూరీ, పెసరట్టు ఉప్మా, ఊరగాయ, ఎక్కువ కాఫీ ఆ పూటకు మానేయండి. ముందురోజు రాత్రి మందు అసలే వద్దు. నీళ్లు బాగా తాగి, ఎక్కే ముందు బాత్రూమ్‌కు వెళ్లిరండి.

బస్సులోనే వాంతులవుతాయి నాకు. ఎక్కొచ్చా?

ఎక్కొచ్చు, కాకపోతే పల్టీలు లేని ఫ్లైట్ తీసుకోండి. బస్సులో తిప్పడానికి కారణం కళ్లకు కనిపించేదీ, లోపలి చెవి చెప్పేదీ ఒకటి కాకపోవడం. ముందు సీట్లో, తెరిచిన కాక్‌పిట్లో దిగంతం ఎదురుగా కనిపిస్తుంది, మొహానికి చల్లగాలి తగులుతుంది కాబట్టి చాలామందికి బస్సు కంటే ఇదే తేలిక. చూపు దూరపు గీత మీద ఉంచండి, ఫోన్ చూడకండి, తల గబుక్కున తిప్పకండి. స్టిక్ మీ చేతిలో ఉంటే వికారం తగ్గుతుంది, కారు నడిపేవాళ్లకు కళ్లు తిరగనట్టే. అవోమిన్ లాంటి మాత్ర వేసుకోవాలనుకుంటే డాక్టర్‌ను అడిగి ముందుగా ఒక మామూలు రోజున ఇంట్లో వేసుకుని చూడండి. కొందరిని మత్తుగా పడేస్తుంది, లక్షలు పెట్టిన ఫ్లైట్‌లో నిద్రపోవడం బాధ. చొక్కా జేబులో ఒక వాంతి కవరు మడిచి పెట్టుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పైలట్లు రోజూ చూసేదే.

ఎవరు ఎక్కకూడదు?

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు పల్టీల ఫ్లైట్ ఎక్కకూడదు. జలుబు ఉంటే ఎవరూ ఎక్కకూడదు. ముక్కు దిబ్బడతో దిగేటప్పుడు చెవి పొర లోపలికి లాగేసి భరించలేని నొప్పి వస్తుంది. స్కూబా డైవింగ్ చేసి ఉంటే 24 గంటలు ఆగండి.

ఏం వేసుకోవాలి? చీరతో ఎక్కొచ్చా?

చీర, చున్నీ, లుంగీ, చెప్పులు వద్దు. జీన్స్, పొడుగు చేతుల కాటన్ చొక్కా, లేసు బిగించే పలచని అడుగు బూట్లు. అడుగు మందమైతే కాలితో నొక్కే రడ్డర్ పెడల్ తెలియదు. నైలాన్, పాలిస్టర్ నిప్పుకు కరిగి చర్మానికి అంటుకుంటాయి, అందుకే కాటన్ గానీ ఉన్ని గానీ. ప్రతి వెయ్యి అడుగులకూ రెండు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఇంగ్లండ్‌లో నేల మీద 15 డిగ్రీలుంటే 1,500 అడుగుల మీద 12, ఆపైన ఎడతెగని గాలి. బెంగళూరు డిసెంబరు చలి కోసం కొన్న స్వెటర్ ఒక్కటే చాలదు, కింద ఇంకో పొర వేయండి. జడను అల్లి కాలర్ లోపలికి దోపుకోవాలి. మంగళసూత్రం, గొలుసులు చొక్కా లోపల ఉంచి పైన గుండీ పెట్టేయండి. కళ్లజోడుకు వెనక తాడు కట్టండి.

## హ్యాంగర్ దగ్గర

జేబులు ఎందుకు ఖాళీ చేయిస్తారు?

పాత విమానాల్లో సీటు కింద నేల ఉండదు, కంట్రోల్ తీగలూ, కడ్డీలూ బయటికే ఉంటాయి. మీ జేబులోంచి జారిన రూపాయి బిళ్ల పల్టీలో తేలి వెళ్లి ఆ కడ్డీల సందులో ఇరుక్కుంటే స్టిక్ కదలదు. తాళాలు, పెన్ను, ఇయర్‌బడ్లు, చేతి కడియం అన్నీ బయట పెట్టండి. ఏదైనా లోపల జారిందనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. దొరికేదాకా విమానం కదలదు, ఎవరూ విసుక్కోరు.

స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో ఎందుకు తిప్పుతారు?

రేడియల్ ఇంజన్‌లో కొన్ని సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి. ఆగి ఉన్నప్పుడు ఆయిల్ మెల్లగా జారి వాటిలో చేరుతుంది. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలైతే నలుగుతుంది గానీ ద్రవం నలగదు. ఆయిల్ అలా ఉండగానే స్టార్టర్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే ఇగ్నిషన్ ఆపి, ఒక మనిషి ఒక్కో బ్లేడును లెక్కపెట్టుకుంటూ ఎనిమిదో పదో తిప్పుతాడు. దగ్గర్లో నిలబడి వింటే ఒక్కో సిలిండర్ ఊపిరి విడిచినట్టు ఉసూరుమంటుంది. మధ్యలో గట్టిగా అడ్డం తగిలితే బలవంతం చేయరు, వెనక్కీ తిప్పరు. వెనక్కి తిప్పితే ఆ ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి, స్టార్ట్ చేశాక మళ్లీ సిలిండర్‌లోకే వస్తుంది. కింది సిలిండర్ స్పార్క్ ప్లగ్ విప్పి, ఆయిల్‌ను డబ్బాలోకి కార్చి మళ్లీ బిగిస్తారు. ఇందుకు పావుగంట పట్టినా సంతోషించండి, విమానాన్ని ప్రేమగా చూసుకునే చోటికి వచ్చారన్నమాట. తర్వాత స్టార్ట్ అయినప్పుడు గుప్పున వచ్చే తెల్లని నీలిపొగ ఆ మిగిలిన ఆయిలే, భయపడకండి.

మరో మాట: ఇంజన్ ఆగి ఉన్నా ప్రొపెల్లర్‌ను ఎప్పుడూ ముట్టుకోకండి, దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకోకండి. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో తీగ ఎక్కడైనా తెగి ఉంటే చిన్న కదలికకే ఇంజన్ ఒక్క చుట్టు తిరుగుతుంది.

ఎక్కేటప్పుడు కాలు ఎక్కడ పెట్టాలి?

రెక్క మొదట్లో గరుకుగా ఉండే నల్లని పట్టీ మీద మాత్రమే. టైగర్ మాత్ రెక్క మిగతా భాగమంతా గుడ్డే. దాని మీద అడుగు వేస్తే పాదం కిందికి దిగిపోతుంది.

పారాచూట్ ఇస్తారా? ఏం చేయాలి?

పల్టీలకు వెళ్లే విమానాల్లో ఇస్తారు, నిదానంగా తిరిగే ఫ్లైట్‌లో చాలాచోట్ల ఉండదు. ఇస్తే క్రమం నేల మీదే మూడుసార్లు నోటితో చెప్పి, చేత్తో తాకి చూసుకోండి: కానపీ (కాక్‌పిట్ మీది అద్దపు మూత) వెనక్కి, హెడ్‌సెట్ తీగ పీకడం, సీటు బెల్టు విప్పడం, రెక్క వెనక అంచు వైపు దూకడం, డీ ఆకారపు పిడి లాగడం. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. దిగేటప్పుడు అలవాటుగా సీటు బెల్టుతోపాటు పారాచూట్ బెల్టు కూడా విప్పేస్తారు. రెండు బకిల్స్‌నూ ముట్టుకుని తేడా చేతికి అలవాటు చేసుకోండి. నడుము పట్టీని ముందు బిగించి, భుజాల పట్టీలు తర్వాత. తిరగేసి బిగిస్తే నడుము పట్టీ పొట్ట మీదికి లేచిపోతుంది.

## గాలిలో

'జీ' అంటే ఏమిటి? ఎంతవరకు తట్టుకోగలం?

మీ బరువు ఎన్ని రెట్లయిందో చెప్పే లెక్క. 60 కిలోల మనిషి 4జీలో 240 కిలోలు తూగుతాడు, ఐదు కిలోల తల ఇరవై అవుతుంది. రక్తం కాళ్లలోకి దిగి ముందు రంగులు వెలిసినట్టవుతాయి, తర్వాత చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకవుతుంది, ఆ తర్వాత చీకటి. అలవాటు లేనివాళ్లకు 4, 5జీల మధ్యే ఇది మొదలవుతుంది. మామూలు లూప్‌లో (నిలువుగా గుండ్రంగా తిరిగే పల్టీలో) మూడున్నర, నాలుగు దాకా వస్తుంది. యాక్-52 తట్టుకునేది 7, కాబట్టి ముందు అలిసేది మీరే, విమానం కాదు. పైలట్ "పుల్లింగ్" అనగానే పిక్కలు, తొడలు, పొట్ట గట్టిగా బిగించండి. ఊపిరి బిగబట్టి, మూడు సెకన్లకోసారి చటుక్కున వదిలి పీల్చండి. లాగడం మొదలయ్యాక బిగిస్తే ఆలస్యమే. తల సీటుకు ఆనించి నిటారుగా ఉంచండి, పక్కకు తిప్పి ఉంటే మెడ పట్టేస్తుంది.

స్టిక్ నా చేతికి ఇస్తారా?

చాలాచోట్ల ఇస్తారు. "యూ హావ్ కంట్రోల్" అనగానే మీరు "ఐ హావ్ కంట్రోల్" అని తిరిగి చెప్పాకే అది మీది. తిరిగివ్వడమూ అంతే. విమానం ఎవరి చేతిలోనూ లేని క్షణం ఉండకూడదనే ఈ మాటలు. స్టిక్‌ను రెండు వేళ్లు, బొటనవేలితో పట్టుకోండి, గుప్పిట బిగించకండి. టైగర్ మాత్ తిప్పేటప్పుడు స్టిక్ ఒక్కటే వంచితే ముక్కు మొదట ఎదురు దిక్కుకు జారుతుంది. అదే దిక్కు కాలు కూడా కొంచెం నొక్కాలి. తెరిచిన కాక్‌పిట్లో దీనికి మంచి కొలమానం మీ చెంప: గాలి ఒక పక్క చెంపకే కొడుతోందంటే విమానం పక్కకు జారుతున్నట్టు.

మధ్యలో భయమేస్తే?

"స్ట్రెయిట్ అండ్ లెవెల్ ప్లీజ్" అనండి. ఆ మాటకు పైలట్ వెంటనే విమానాన్ని తిన్నగా పెడతాడు. ఇంటర్‌కమ్ పనిచేయకపోతే ఏ సైగ చేయాలో నేల మీదే మాట్లాడుకోండి. బొటనవేలు కిందికి చూపడం ఎక్కువమంది వాడేది.

ఫోటోలు, వీడియో ఎలా?

చేత్తో ఫోన్ పట్టుకోవడం తెరిచిన కాక్‌పిట్లో వద్దు, గాలి లాగేసుకుంటుంది. సంస్థ వాళ్లు బిగించే కెమెరానే తీసుకోండి. మీ సొంత యాక్షన్ కెమెరా పెట్టాలంటే అయస్కాంతపు మౌంట్ అసలు వాడకండి, దిక్సూచిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రొపెల్లర్ అరటిపండులా వంగి కనిపించకూడదంటే షటర్ వేగం 1/125 కన్నా తక్కువకు దించండి. జక్కూరులో మాత్రం ఎయిర్‌ఫీల్డ్‌ను, గాలిలోంచి కిందిని తీయడానికి అనుమతి ఉందో లేదో అడిగాకే ఫోన్ బయటికి తీయండి.

## దిగాక

దిగాక తల తిరుగుతుంటే?

పల్టీల ఫ్లైట్ తర్వాత ఇది సహజం, గంటా రెండు గంటల్లో తగ్గుతుంది. ఆ లోపల కారు నడపకండి. చెవులు మూసుకుని ఉంటే ముక్కు నొక్కి మెల్లగా ఊదండి. చేతుల మీద, కాళ్ల మీద ఎర్రని చుక్కలు కనిపిస్తే అవి జీ వల్ల చిట్లిన సన్న రక్తనాళాలు, కొద్ది రోజుల్లో పోతాయి. మరుసటి రోజుకూ చూపు మసకగా ఉన్నా, మెడనొప్పి చేతిలోకి పాకినా డాక్టర్‌ను చూడండి.

బెంగళూరు తిరిగొచ్చాక ఈ ఇష్టాన్ని ఎలా నిలుపుకోవాలి?

మారతహళ్లి దగ్గరున్న హెచ్‌ఏఎల్ మ్యూజియంతో మొదలుపెట్టండి. వి.ఎం. ఘాటగే రూపొందించి 1951లో ఎగిరిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం, జర్మన్ ఇంజనీర్ కర్ట్ టాంక్ రూపొందించిన మారుత్ యుద్ధ జెట్ అక్కడున్నాయి. 1961 జూన్ 17న మారుత్‌ను మొదట ఎగరేసిన సురంజన్ దాస్ 1970లో అదే రకం విమానం కూలి చనిపోయారు. మీరు రోజూ క్యాబ్‌లో దాటే సురంజన్ దాస్ రోడ్డు ఆయన పేరిటదే. ఎగిరొచ్చాక మారుత్ దగ్గర నిలబడితే రెక్క రివెట్లు, పెడళ్ల ఇరుకు, కానపీ పట్టాలు అన్నీ వేరేలా కనిపిస్తాయి.

సొంతూరు విశాఖ వైపు అయితే బీచ్ రోడ్డులో టీయూ-142 ఉంది. 29 ఏళ్లు సముద్రాన్ని కాపు కాసి, చెన్నై దగ్గరి అరక్కోణంలో 2017లో విరమించిన నౌకాదళ విమానం అది. లోపలికి వెళ్లి కాక్‌పిట్ దాకా చూడొచ్చు. పెద్దవాళ్లను, పిల్లలను తీసుకెళ్లండి. జనం తక్కువుండే మామూలు రోజు సాయంత్రమైతే నిదానంగా చూడటానికి వీలవుతుంది.